చివరి టాస్క్‌లో కూర్చున్న స్క్యూ గారికి

మహారాజశ్రీ డేటా స్క్యూ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పద్ధతి. తమరు కుశలమే, అది కళ్లకు కనిపిస్తూనే ఉంది. మా సంగతే బాగోలేదు. నా స్క్రీన్ మీద 199/200 అని ఉంది. 200 టాస్క్‌ల్లో 199 ఎప్పుడో అయిపోయాయి, చాలావాటికి నిమిషం కూడా పట్టలేదు. మిగిలిన ఆ ఒక్కటీ నేను భోజనానికి లేచేటప్పుడు ఎలా ఉందో, టీ తాగి వచ్చాక కూడా అలాగే ఉంది. అందులో కూర్చున్నది తమరేనని చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

అమెరికాలో తెల్లవారి ఆఫీసు తెరిచేసరికి, అంటే మనకు సాయంత్రమయ్యేసరికి, ఈ రిపోర్టు అక్కడివాళ్ల చేతుల్లో ఉండాలి. ఉండదు. అప్పుడొక కాల్ పెడతారు. అందులో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని ఎప్పుడూ అడిగేదే అడుగుతాడు: "ఇంకో 50 మెషీన్లు పెంచి చూశారా?" ఆ మాట విన్న ప్రతిసారీ తమరు లోపల ఎంత నవ్వుకుంటారో ఊహించగలను. ఉత్తరం రాసేది తమరికే. ఆ పెద్దమనిషి కంట కూడా పడాలని బహిరంగంగా రాస్తున్నాను.

ఇక్కడితో "తమరు" ఆపేస్తాను. నా సాయంత్రాలన్నీ మింగేసినవాడికి ఆ మర్యాద ఎక్కువ.

నీతో పరిచయం లేని అదృష్టవంతుల కోసం ముందు నువ్వుండే చోటు చూపించాలి. ఒక కంపెనీ దగ్గర 100 కోట్ల కొనుగోళ్ల రికార్డులున్నాయి అనుకుందాం. ఒక్క కంప్యూటరే వాటిని మొదటినుంచీ చదివి, ఖాతాదారుల టేబుల్‌తో జత కలపాలంటే గంటలు పడుతుంది. అందుకని 100 కంప్యూటర్లు పెడతాం. ఏ రికార్డు ఎటు వెళ్లాలో ఒక లెక్క తేలుస్తుంది: ఖాతాదారు నంబరును హ్యాష్ ఫంక్షన్‌లో వేస్తే ఒక పెద్ద సంఖ్య వస్తుంది, దాన్ని 100తో భాగించగా మిగిలిన శేషమే కంప్యూటర్ నంబరు. ఖాతాదారుల టేబుల్‌నూ ఇదే లెక్కతో పంచుతాం. దాంతో ఒక మనిషికి సంబంధించినవన్నీ, ఏ టేబుల్లోవైనా, ఒకే చోటికి చేరతాయి. ఇక ఏ కంప్యూటరూ పక్కదాన్ని ఏమీ అడగక్కర్లేదు. తన వాటా జాయిన్ తను చేసుకుంటుంది. సమాంతర డేటాబేస్‌ల వేగమంతా ఆ "అడగక్కర్లేదు"లోనే ఉంది.

నువ్వు దూరే సందు కూడా అక్కడే ఉంది. ఒకే నంబరున్న రికార్డులన్నీ ఒకే కంప్యూటర్‌కు వెళ్లి తీరాలి, చెదిరితే జత తప్పుతుంది. వేర్వేరు నంబర్లు కోటి ఇస్తే హ్యాష్ ఫంక్షన్ చక్కగా పంచిపెడుతుంది. ఒకే నంబరు కోటిసార్లు ఇస్తే కోటిసార్లూ ఒకే కంప్యూటర్‌కు పంపుతుంది. దాని తప్పేం లేదు, దాని ధర్మమే అది.

ఇక పంక్తి భోజనాల సంగతి తెలుగువాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అందరి విస్తళ్లూ ఖాళీ అయినా, వరసలో ఒక పెద్దాయన ఇంకా పప్పన్నం దగ్గరే ఉంటే మిగతావాళ్లు చేతులు ఎండబెట్టుకుని కూర్చోవలసిందే. క్వెరీకీ అదే నియమం. చివరి కంప్యూటర్ పని ముగించేదాకా జవాబు తయారైనట్టు కాదు.

ఇప్పుడు కాల్‌లోని ఆ పెద్దమనిషి కోసం ఒక చిన్న లెక్క. 100 కోట్ల రికార్డుల్లో 10 కోట్లు ఒకే నంబరు మీద ఉన్నాయి. మిగతా 90 కోట్లు 100 కంప్యూటర్లకూ తలా 90 లక్షలు. ఆ ఒక్క కంప్యూటర్‌కు మాత్రం 10 కోట్ల 90 లక్షలు. అంటే 100 కంప్యూటర్ల అద్దె కట్టి మేం సంపాదించిన వేగం సుమారు 9 రెట్లు. సరే, మెషీన్లు 1,000 చేద్దాం. తలా 9 లక్షలకు దిగుతుంది. ఆ ఒక్కదానికి 10 కోట్ల 9 లక్షలు. వేగం 10 రెట్లకు కాస్త తక్కువ. పదివేలు పెట్టినా 10 రెట్లు దాటదు. జీన్ ఆమ్‌డాల్ 1967లో ఈ మాటే ఇంకో రూపంలో చెప్పాడు: పనిలో పంచలేని ముక్క ఎంతుందో, మొత్తం వేగానికి అదే హద్దు. పంచగలిగినట్టే కనిపించే పనిని పంచలేనిదిగా మార్చడం నీ ప్రత్యేకత. పైగా క్లౌడ్‌లో ఖాళీగా కూర్చున్న మెషీన్లకు కూడా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. నువ్వు ఒక్కడివి పనిచేస్తుంటే మిగతావన్నీ నిన్ను చూస్తూ కూర్చున్నందుకు మేం డబ్బు కడతాం.

ఇది ఈనాటి గొడవ కాదు. కాలిఫోర్నియాలో 1979లో పుట్టిన టెరాడేటా, 1984లో డీబీసీ/1012 అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. పేరులోని 1012కు అర్థం 10కి 12వ ఘాతం, అంటే లక్ష కోట్ల బైట్లు. అప్పట్లో అది గొప్పలు పోవడమే. పద్ధతి మాత్రం మనం ఇప్పుడు చెప్పుకున్నదే: హ్యాష్ చేయి, పంచు, ఎవరి వాటా వాళ్లు చేసుకోండి. హైదరాబాద్‌లో టెరాడేటా మీద పనిచేసినవాళ్లను నీ గురించి అడిగితే ముందుగా గుర్తుచేసుకునేది స్పూల్ స్పేస్ చాలలేదన్న ఎర్రర్‌ని. యూజర్‌కిచ్చిన తాత్కాలిక జాగాను ఆ డేటాబేస్ తన యూనిట్లన్నిటికీ సమానంగా విడగొడుతుంది. నువ్వు ఒక యూనిట్‌లో తిష్ఠ వేస్తే, అక్కడ జాగా నిండిపోయి క్వెరీ చచ్చిపోతుంది. మొత్తం చూస్తే మాత్రం జాగా బోలెడు ఖాళీ. కొత్తగా చేరిన కుర్రాళ్లు "స్పేస్ పెంచండి సార్" అని డీబీఏకి మెయిల్ పెడతారు. డీబీఏ పెంచడు. ఎందుకు పెంచడో చెప్పే ఓపికా ఆయనకు ఉండదు.

అమెరికాలోనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెవిట్ బృందం 1980ల నడుమ గామా అనే డేటాబేస్ యంత్రం కట్టింది. మొదట 17 వ్యాక్స్ కంప్యూటర్ల మీద, తర్వాత ఇంటెల్ వారి 32 నోడ్ల హైపర్‌క్యూబ్ మీద. తమాషా ఏమిటంటే అంతకు ముందే, 1983లో, ఇదే డెవిట్ హరన్ బోరల్‌తో కలిసి డేటాబేస్ యంత్రాల కాలం చెల్లిందా అని అడుగుతూ ఒక పేపర్ రాశాడు. ఆయన పెదవి విరిచింది ప్రత్యేకంగా తయారుచేసిన డిస్కు హార్డ్‌వేర్ మీద. మామూలు కంప్యూటర్లను వైర్లతో కలిపి, తెలివంతా సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన గామా నిలబడింది. ఆ దారే తర్వాత రాచబాట అయింది.

అదే డెవిట్, జిమ్ గ్రే ఇద్దరూ కలిసి 1992లో రాసిన వ్యాసంలో సమాంతర వేగానికి ముగ్గురు శత్రువులున్నారని తేల్చారు. మొదటిది స్టార్టప్: వేల ప్రాసెస్‌లను నిద్రలేపడానికే పట్టే కాలం. రెండోది ఇంటర్‌ఫియరెన్స్: అందరూ ఒకే డిస్కు కోసమో ఒకే లాక్ కోసమో ఎగబడటం. మూడోది నువ్వు. మొదటి ఇద్దరితో పేచీ లేదు. వేగమైన నెట్‌వర్క్ కొంటే ఒకడు తగ్గుతాడు, ఎవరి డిస్కు వాళ్లకిస్తే ఇంకొకడు తగ్గుతాడు. డబ్బుతో లొంగేవాళ్లు. నువ్వు డబ్బుకు లొంగవు. పైగా ముక్కలు చిన్నవయ్యేకొద్దీ నువ్వు పెద్దగా కనిపిస్తావు.

ఆ జిమ్ గ్రే గురించి ఒక మాట, నీకు సంబంధం లేకపోయినా. ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆ మనిషి 2007 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో తీరం నుంచి ఒంటరిగా పడవలో వెళ్లి తిరిగి రాలేదు. మిత్రులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించి, వాటిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, అమెజాన్ మెకానికల్ టర్క్ ద్వారా వేలమంది స్వచ్ఛంద కార్యకర్తల కళ్లకు పంచారు. సముద్రమంతటినీ ఒకేసారి వెతికించారు. పడవ దొరకలేదు.

నీకొక వరసకు తమ్ముడున్నాడు. ఇద్దరినీ ఒకటే అనుకుని మా వాళ్లు తరచూ పొరబడుతుంటారు. గూగుల్ వాళ్లు 2004లో మ్యాప్‌రెడ్యూస్ అనే తమ సమాంతర పద్ధతి గురించి రాసినప్పుడు వాడి సంగతి వివరంగా చెప్పారు. డిస్కు పాడవుతూ సెకనుకు 30 మెగాబైట్లు చదవాల్సింది 1 మెగాబైటు చదివే యంత్రం, లేదా ఏదో లోపంతో ప్రాసెసర్ క్యాష్ పనిచేయని యంత్రం. వాడి జబ్బంతా ఒంట్లో ఉంది. దానికి గూగుల్ వాళ్లు కనిపెట్టిన మందు సులువైనది: పని చివరికొచ్చాక మిగిలిపోయిన టాస్క్‌లను ఇంకో యంత్రం మీద కూడా మొదలుపెట్టు, ఎవరు ముందు ముగిస్తే వాళ్లదే లెక్క. ఒక టెరాబైటు సార్టింగ్ పరీక్షలో ఈ మందుతో 891 సెకన్లు పట్టింది. మందు ఆపేస్తే 1,283 సెకన్లు, అంటే 44 శాతం ఎక్కువ. 960 సెకన్లకే 4,000 రెడ్యూస్ టాస్క్‌ల్లో అయిదు తప్ప అన్నీ అయిపోయాయి. ఆ అయిదింటి కోసం ఇంకో 300 సెకన్ల కాపలా.

ఆ మందు నీకు వేసి ప్రయోజనం లేదు. నీ టాస్క్‌ను ఇంకో యంత్రానికి ఇస్తే అదీ ఆ 10 కోట్ల రికార్డులే చదవాలి. ఒకడు మోసే బరువును పక్కవాడి నెత్తిన కూడా అంతే పెట్టి, ఎవడు ముందు చేరతాడో చూడటం అది. అయినా ఆ మందుకే ఇంకో పేరైన స్పెక్యులేషన్ ఆన్ చేశారా అని కాల్‌లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

నిన్ను కన్నది మెషీన్ కాదు, మేమే. నా కోపం ఎక్కువగా ఇక్కడే చల్లారిపోతుంటుంది. మా ఊళ్లలో పాతతరం వాళ్లను ఎప్పుడు పుట్టావు తాతా అంటే పుష్కరాల ముందు అనో, దివిసీమ ఉప్పెన నాటికి ఇంత ఉన్నాననో చెబుతారు. ఉప్పెన అంటే 1977 నవంబరు. అంతకంటే నిక్కచ్చి తేదీ ఆయనకు ఎప్పుడూ అవసరపడలేదు. తొలినాటి ఆధార్ కార్డుల్లో ఇలాంటి ఎంతోమందికి పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండేది. ఇంకో ఆఫీసులో ఫారం నింపే ఆపరేటర్ ముందు గడి రోజు, నెల, సంవత్సరం మూడూ అడుగుతుంది. ఖాళీ వదిలితే ముందుకు కదలదు. ఆపరేటర్ జనవరి 1 కొట్టి ముందుకెళ్తాడు. అమెరికాకు శరణార్థులుగా వచ్చిన చాలామందికి కూడా కాగితాల్లో జనవరి 1 పుట్టినరోజే. బడిలో వేసేటప్పుడు పిల్లాడికి అయిదేళ్లు నిండేలా మేష్టారు రాసిపెట్టిన జూన్ తేదీల సంగతి సరేసరి. ఇద్దరి పుట్టినతేదీ కలిస్తే ఒకరేమో పోల్చి చూడు అనే క్వెరీ రాసి, ఈ డేటా మీద వదలండి. ఏడాదిలో మిగతా రోజులు చూసే కంప్యూటర్లన్నీ ఇంటికెళ్లిపోయాక, జనవరి 1 వచ్చిన కంప్యూటర్ లక్ష్మిని లక్ష్మితో పోలుస్తూ తెల్లవారుస్తుంది.

దుకాణం బిల్లింగ్ కౌంటర్‌లో మొబైల్ నంబర్ చెప్పండి అంటారు. వెనక క్యూ ఉంది, చెప్పడం ఇష్టం లేదు. కౌంటర్ పిల్ల పది తొమ్మిదులు కొట్టేస్తుంది. ఆ నంబరు మీద 10,000 బిల్లులున్నాయనుకో. ఫిర్యాదుల టేబుల్లో కూడా అదే నంబరు మీద 10,000 ఉన్నాయి. రెండింటినీ ఫోన్ నంబరు మీద జాయిన్ చేస్తే ప్రతి బిల్లూ ప్రతి ఫిర్యాదుతో జత కడుతుంది: 10 కోట్ల వరసలు, ఒక్కదానికీ అర్థం లేదు. పంపకంలో పెద్దగా తేడా కనిపించదు, జత కట్టాకే పొంగుతుంది. అందుకే ఇది నీ వేషాల్లోకెల్లా ప్రమాదకరమైనది. వాల్టన్, డేల్, జెనెవీన్ అనే పరిశోధకులు 1991లోనే నీ వేషాలను వర్గాలుగా విడదీస్తూ దీనికి వేరే గది ఇచ్చారు.

అన్నిటికంటే నాకు ఒళ్లుమండేది మాత్రం నల్. లాగిన్ కాకుండా కొన్నవాళ్ల ఖాతాదారు నంబర్ ఖాళీ. ఎస్‌క్యూఎల్ నియమం ప్రకారం నల్ దేనికీ సమానం కాదు, ఇంకో నల్‌కు కూడా. అంటే ఈ రికార్డులకు జత దొరకదని పని మొదలుపెట్టక ముందే తెలుసు. లెఫ్ట్ జాయిన్‌లో వాటిని పారేయకూడదు కాబట్టి ఉండాలి. హ్యాష్ లెక్క అన్నిటినీ మూటగట్టి ఒకే కంప్యూటర్‌కు పంపుతుంది. దొరకదని తెలిసిన దానికోసం కోట్ల రికార్డులు నెట్‌వర్క్ దాటి ప్రయాణం చేసి, ఒకచోట పోగుపడి, ఏమీ దొరక్క అలాగే బయటికొస్తాయి. కొన్ని కొత్త ఇంజిన్లు దీన్ని గమనించి వాటిని చెల్లాచెదురు చేస్తాయి. మా దగ్గరున్న పాతది చేయదు.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు వచ్చినప్పుడు నువ్వు కనిపించవు. వాళ్లు చూపించే టీపీసీ-హెచ్ పరీక్షలో డేటాను సమానంగా ఉండేలా పుట్టిస్తారు. అక్కడ ప్రతి ఖాతాదారూ మర్యాదగా తన వంతు మాత్రమే కొంటాడు, ప్రతి సరఫరాదారూ తన వంతే అమ్ముతాడు. మెషీన్లు రెట్టింపు చేస్తే సమయం సగమవుతుంది, గ్రాఫులో గీత తిన్నగా పైకి లేస్తుంది. కొనేశాక అసలు డేటా పోస్తాం. అప్పుడొస్తావు.

నీకు మందులు లేవని కాదు. డెవిట్, నాటన్, ష్నైడర్, శేషాద్రి 1992లోనే ఒక మంచి పేపర్ రాశారు: ముందు కొంచెం నమూనా తీసి డేటా ఎలా ఉందో చూడు, సాధువుగా ఉంటే మామూలు హ్యాష్ జాయిన్, లేకపోతే వేరే పద్ధతి. ఎక్కువసార్లు వచ్చే విలువను కొన్ని కంప్యూటర్లకు విడగొట్టి, రెండో టేబుల్లోని దాని జతను ఆ అన్ని చోట్లకీ నకలు తీసి పంపు. ఇప్పుడు సాల్టింగ్ అని మేం చేసేది ఆ పనే. వేడెక్కిన నంబరు పక్కన 0 నుంచి 9 దాకా ఏదో ఒక అంకె తగిలిస్తాం, అవతలి టేబుల్లో ఆ ఒక్క వరసను పది నకళ్లు చేస్తాం. చూడ్డానికి అసహ్యం. ఆరు నెలల తర్వాత ఆ కోడ్ చదివినవాడు రాసినవాణ్ణి తిట్టుకుంటాడు. కానీ పనిచేస్తుంది. అవతలి టేబుల్ చిన్నదైతే అసలు పంచడమే మానేసి, మొత్తం నకలును ప్రతి కంప్యూటర్‌కూ పంపేస్తే ఇంకా హాయి, పెద్ద టేబుల్ ఉన్నచోటే ఉంటుంది. నల్‌లను ముందే పక్కకు తీసి చివర్లో కలపడం అన్నిటికంటే చవక, దానికి నాలుగు పంక్తులు చాలు.

స్పార్క్ అనే ఇంజిన్ 2020లో 3.0 వెర్షన్‌తో పరుగు మధ్యలోనే నిన్ను గుర్తుపట్టడం నేర్చుకుంది. షఫుల్, అంటే రికార్డుల పంపకం, అయ్యాక పార్టిషన్ల (వాటాల) సైజులు కొలుస్తుంది. ఏదైనా మధ్యస్థం కన్నా 5 రెట్లు మించి, 256 మెగాబైట్లు కూడా దాటితే దాన్ని ముక్కలు చేస్తుంది. ఇది జాయిన్లకే పరిమితం. పైగా 10,000 వరసలు 10,000 వరసలతో జత కట్టి పొంగే వేషంలో నువ్వొస్తే గుర్తుపట్టలేదు, ఎందుకంటే లోపలికెళ్లేటప్పుడు నీ సైజు చిన్నదే. మ్యూనిక్‌లో హైపర్ డేటాబేస్ కట్టినవాళ్లు 2014లో ఇంకో దారి చూపించారు. వాటాలు ముందే రాసిపెట్టకుండా, లక్ష వరసల చొప్పున చిన్న తునకలు చేసి, ఖాళీ అయిన కోర్ వచ్చి తర్వాతి తునక పట్టుకుపోయేలా చేశారు. ఒకే పెట్టెలో అన్ని కోర్లూ ఒకే మెమరీని చూసేచోట ఇది నీ నడుం విరిచింది. అందుకే ఈమధ్య నేను చాలామందికి ఇచ్చే సలహా, విన్నవాళ్లు తక్కువే అనుకో: డేటా ఒక మంచి మెషీన్‌లో పడుతుందంటే క్లస్టర్ జోలికి వెళ్లకండి. పోస్ట్‌గ్రెస్ కూడా 2016లో 9.6 నుంచి ఒకే క్వెరీకి పలు కోర్లు వాడుతోంది. నెట్‌వర్క్ మీద పంపకం లేకపోతే నీకు సగం ఆస్తి పోయినట్టే.

కాబట్టి నా వైపు నుంచి కొన్ని షరతులు. జాయిన్ రాసే ముందు ఆ కాలమ్ మీద గ్రూప్ బై వేసి, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి పైన ఇరవై చూస్తాను. మా టీమ్‌లో ఇకమీదట ఇది చూడకుండా పెట్టిన కోడ్‌కు రివ్యూలో సంతకం పెట్టను. ఆ లెక్క కూడా 100 కంప్యూటర్ల మీదే నడుస్తుంది కదా, అక్కడా దూరతాను అంటావేమో. దూరలేవు. ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్న వరసలను ముందు అక్కడికక్కడే లెక్కపెట్టుకుని, విలువకు ఒక్క వరస చొప్పున మొత్తం మాత్రమే బయటికి పంపుతుంది. నువ్వు 10 కోట్ల మందితో వచ్చినా షఫుల్ దాటేసరికి 100 వరసలవుతావు. పది తొమ్మిదులూ, జనవరి 1, నల్ అన్నీ పేరూ సంఖ్యా సహా జాబితాలో పైకి తేలతాయి.

విడివిడి విలువలెన్నో లెక్కపెట్టే కౌంట్ డిస్టింక్ట్ దగ్గర మాత్రం ఈ ఉపాయం ఇంత తేలిగ్గా సాగదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. రేపటి రిపోర్టులో అవి మూడున్నాయి. అక్కడ చూసుకుందాం.

ఇట్లు,
ఒక డేటా ఇంజినీరు,
మాదాపూర్, హైదరాబాద్